మార్సెలీన్ ఇంటి ముందు గుంట

ప్రతి ఏడూ ఆఖరి చక్కెర దుంపలు లారీలెక్కి వెళ్లిపోయాక అషీల్ వత్తియే తన మనుషులతో మా ఊరి రాళ్ల రోడ్డు మీదికి వచ్చేవాడు. గడ్డపారలు, ఇసుక బళ్లు, దిమ్మిస, రసమట్టం. ట్రాక్టర్లు వదిలిన బురద గీకేవాళ్లు. అరిగిన రాయిని పెళ్లగించి, తిరగేసి, కొత్త ముఖం పైకొచ్చేలా కూర్చోబెట్టేవాళ్లు. సందుల్లో సిమెంటు పోయరు, ఇసుకే కూరతారు, నీళ్లు దిగాలి కాబట్టి. ఇంత పనీ ఏప్రిల్లో ఒక శనివారం ఆడవాళ్లు, మర్నాడు మగవాళ్లు పందెం సైకిళ్ల మీద ఈ రెండు కిలోమీటర్లూ మూడు నిమిషాల్లో దాటిపోవడానికి.

ఆడవాళ్లు అన్నది ఈమధ్య మాట. మా తాతల కాలం నుంచీ పందెం మగవాళ్లదే. ఈ రాళ్ల అదురు ఆడవాళ్ల నడుములకి మంచిది కాదని పెద్ద పెద్ద డాక్టర్లు రాసేవారు. అవే నడుములు రోజుకి పది గంటలు దుంపలు తవ్వితే ఏ డాక్టరూ ఏమీ రాయలేదు.

అషీల్ ఎంత చదును చేసినా ఇళ్లున్నచోట రోడ్డు మళ్లీ దిగబడేది. మా ఊళ్లో ఏ ఆడమనిషైనా చెప్పాల్సిన మాట మింగేస్తే ఆమె ఇంటి ముందు ఒక రాయి వేలెడు కిందికి పోతుంది. ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్లకి చెబితే పైకి వస్తుంది. వినాల్సిన మనిషి చచ్చిపోతే ఇక రాదు. పెళ్లికాని మగవాళ్ల ఇళ్ల ముందు రోడ్డు అద్దంలా ఉండేది. మా మగవాళ్లు మింగేది బీరు, మాటలు కాదు. కొత్త కోడలి ఇంటి ముందు మొదటి రాయి దిగినప్పుడు అత్తలు కిటికీ తెర కాస్త పక్కకి జరిపి చూసి, మళ్లీ కూర తరుక్కునేవాళ్లు.

పందెం కమిటీ ఏటా వచ్చి, రోడ్డు ఎంత చెడ్డదో కొలిచి, నక్షత్రాలు ఇస్తుంది. ఎంత చెడ్డదైతే అంత గొప్ప. ఐదిస్తే నరకం కింద లెక్క. మాకు నాలుగు. ఆ నాలుగింట్లో ఒకటి అచ్చంగా మార్సెలీన్ దలాత్ర్ ఇంటి ముందు గుంట వల్ల వచ్చింది. మేయరు ఆమె ఎదురుపడ్డప్పుడల్లా టోపీ తీసేవాడు. ఆమెను గౌరవిస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన టోపీ తీసింది గుంటకి.

పందేనికి ముందు గురువారం జట్లు వచ్చి రోడ్డు చూసుకుంటాయి. ఏ రాయి ఎత్తు, ఏ గుంట లోతు, చక్రం ఎక్కడ పెట్టాలి అన్నది సైకిలు తొక్కేవాళ్లు ఆ రోజే ఒంటికి పట్టించుకుంటారు. పందెంలో చూసి, ఆలోచించి, తిప్పే వ్యవధి ఉండదు. అందుకే గురువారం దాటాక రోడ్డు మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ సాయంత్రం మేయరు భార్య ఇంటింటికీ తిరిగి, ఏ మాటున్నా సోమవారం చెప్పుకొమ్మని ఆడవాళ్లని బతిమాలేది. అందరూ తలూపేవాళ్లు. వాళ్లకది కొత్తేమీ కాదు.

ఆ గురువారం మార్సెలీన్ కూతురు ఎద్విజ్ రోడ్డు చూసుకుని ఇంటికి వచ్చింది. ముప్ఫై మూడేళ్లు. మొదటిసారి జట్టుకి నాయకురాలు. వచ్చే ఏటికి జట్టు ఆమెను ఉంచుకోదని అందరికీ తెలుసు, గెలిస్తే తప్ప. సైకిలు గోడకి చేరేసి, బురద బూట్లతో గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగింది. గుంట మధ్యలో దిగితే చక్రం ముక్కలవుతుందని, ఎడమ అంచున జానెడు గట్టి నేల ఉందని, దాని మీంచి పోతానని చెప్పింది.

"తప్పితే?" అంది మార్సెలీన్.

"తప్పితే లేవను." ఎద్విజ్ నవ్వింది. "నాన్న గుంట కదా, నన్ను ఊరికే పోనిస్తుందా?"

ఊరంతా అలాగే అనుకునేది. దెజిరే దలాత్ర్ చెయ్యి పెద్దది, భార్య నోరు చిన్నది, అందుకే గుంట అని. అతను పోయి మూడేళ్లయింది కాబట్టి అది ఇక పూడదని కమిటీ కూడా ధైర్యంగా ఉంది. శ్మశానంలో అతని మీద పరిచిన రాయి మాత్రం ఏ ఒడుదుడుకూ లేకుండా చదునుగా ఉంది.

అయితే గుంట మధ్యలో రాళ్లు అతని బాకీ కాదని మార్సెలీన్‌కి తెలుసు. ఎద్విజ్‌కి పదహారేళ్లప్పుడు, దక్షిణాన ఉన్న సైకిలు శిక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చాం, రమ్మని. దెజిరే దాన్ని వంటింటి పొయ్యిలో పెట్టాడు. ఆడపిల్ల పిరుదులు దేశమంతా టీవీలో చూడక్కర్లేదన్నాడు. మార్సెలీన్ అప్పుడు బంగాళాదుంపలు చెక్కుతోంది. చెక్కుతూనే ఉంది. పిల్ల బడి నుంచి వచ్చి, ఉత్తరమేమైనా వచ్చిందా అని అడిగితే లేదంది. పిల్ల ఆ వేసవంతా గేటు దగ్గర పోస్టుమాన్ కోసం నిలబడింది, నిలబడ్డ రోజుకొక రాయి దిగింది. తర్వాత చికోరీ ఫ్యాక్టరీలో చేరి ఎనిమిదేళ్లు వేర్లు కడిగింది. మళ్లీ సైకిలెక్కేసరికి తనతో పోటీపడ్డ పిల్లలు అప్పుడే పతకాలు గోడలకి తగిలించుకుంటున్నారు.

శుక్రవారం రేడియోలో ఆ రాత్రికి వాన పడుతుందని చెప్పారు. నీళ్లు నిలిస్తే గుంట లోతు కనబడదు. మార్సెలీన్ బీరు పోసి ఉడికించిన మాంసం గిన్నెకి గుడ్డ కట్టి, బస్సెక్కి, పట్నంలో జట్టు దిగిన హోటలుకి వెళ్లింది. కూతురు తినడం మొదలుపెట్టాక చెప్పింది.

"ఆ ఉత్తరం వచ్చింది, ఎద్విజ్."

ఏ ఉత్తరమని ఎద్విజ్ అడగలేదు. ఫోర్కు కింద పెట్టింది. "ఎప్పుడు?"

"జూన్లో. మీ నాన్న పొయ్యిలో పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను."

"నేను సెప్టెంబరు దాకా గేటు దగ్గర నిలబడ్డాను."

"తెలుసు."

"నువ్వు కిటికీలోంచి నన్ను చూసేదానివి."

"చూసేదాన్ని."

ఎద్విజ్ గిన్నె మీద మూత పెట్టింది. పొద్దున్నే లేవాలని, ఆఖరి బస్సు వెళ్లిపోతుందని చెప్పి తల్లిని గుమ్మం దాకా దిగబెట్టింది. గదిలోకి వెళ్లి ఫోను ఆపేసింది.

మార్సెలీన్ ఊళ్లో బస్సు దిగేసరికి సన్నగా వాన మొదలైంది. ఇంటి ముందు గుంట లేదు. మధ్య రాళ్లన్నీ పైకి వచ్చి, అషీల్ ఎన్నడూ కూర్చోబెట్టలేనంత చక్కగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆమె వంగి వాటిని అరచేత్తో తడిమింది. చాలా ఏళ్లకి ఆకలేసింది. రొట్టె కోసుకుని నిలబడే తింది.

శనివారం పొద్దున్న గొడుగు వేసుకుని వచ్చిన అషీల్ రోడ్డు చూసి ఆగిపోయాడు.

"గురువారం దాటాక ఎవరు ముట్టుకున్నారిక్కడ?"

"ఎవరూ ముట్టుకోలేదు. నేను చెప్పాను," అంది మార్సెలీన్.

అతనికి అర్థమైంది. ఎడమ అంచుకి నడిచి, బూటు మొనతో నొక్కాడు. చీలమండ దాకా దిగింది. రాత్రి పడ్డ వానకి గుంటలో నిలవాల్సిన నీళ్లు, గుంట లేకపోయేసరికి అంచుకి పారాయి. జానెడు గట్టి నేల కాస్తా జావైంది.

"నోటితో రోడ్డు వేశావు బాగానే ఉంది," అన్నాడు అషీల్. "మరి కాలువ ఎవరు తవ్వుతారు మార్సెలీన్?"

రాళ్ల గురించి గురువారం నియమం ఆమెకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. కూతుర్ని గుంట నుంచి తప్పించే తొందర్లో, తను చేసేది కూడా రోడ్డు పనేనని తోచలేదు. ఎద్విజ్‌కి ఫోను చేసింది. మోగలేదు. హోటలుకి చేస్తే, పందెం అయ్యేదాకా ఎవరి ఫోనూ ఇవ్వొద్దని జట్టు వాళ్లు చెప్పారంటూ పెట్టేశారు. పెరట్లోంచి గడ్డి మోపు తెచ్చి బురద మీద పరవబోతే, పసుపు చొక్కా వేసుకున్న కాపలావాడు మర్యాదగానే జబ్బ పట్టుకుని తాడు అవతలకి పంపాడు. రోడ్డు మూసేశామమ్మా అన్నాడు. ఆ గడ్డి కూడా ఏరి అవతల పడేశాడు.

మధ్యాహ్నానికి ముగ్గురు ముందొచ్చారు. అందరికన్నా ముందు ఎద్విజ్. ముఖమంతా బురద, కళ్లు మాత్రం తెల్లగా. మార్సెలీన్ తాడు మీదికి వంగి, "మధ్యలోంచి పో, మధ్యలోంచి" అని అరిచింది. ఆమె గొంతు అంత పైకి లేవడం ఊరు ఎన్నడూ వినలేదు. మోటారు సైకిళ్లు, పైన హెలికాప్టరు, బూరలు. ఆ రోజూ వినలేదు.

ఎద్విజ్ చేతులు గురువారం నేర్చుకున్నట్టే ఎడమకి తిప్పాయి. ముందు చక్రం అంచులో దిగి పక్కకి జారింది. ఆమె తుంటి రాయికి కొట్టుకున్న చప్పుడు తాడు దగ్గరున్న వాళ్లందరికీ వినబడింది. వెనకున్న ఇద్దరూ నిన్నటిదాకా గుంట ఉన్నచోటి నుంచి నేరుగా వెళ్లిపోయారు. వాళ్లలో ఒకామె గెలిచింది.

కమిటీ వాళ్లు సోమవారమే వచ్చి కొలిచారు. ఒక నక్షత్రం పోయింది. ఇంత మంచి రోడ్డు తమకెందుకని, వచ్చే ఏడు పందెం పక్క ఊరి మీదుగా పెడతామన్నారు. మేయరు మార్సెలీన్‌ని చూసి టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్లు కూడా ఆమెకి దారిచ్చి, ముఖాలు తిప్పుకున్నారు. వాళ్లింకా తమ గుంటల్ని కాపాడుకుంటూనే ఉన్నారు కదా, ఈవిడకేం తొందరొచ్చింది?

ఆసుపత్రిలో డాక్టరు తుంటికి ఆరు మేకులు వేశానని, నడుస్తుందని, పందేల సంగతి మర్చిపొమ్మని చెప్పాడు. మార్సెలీన్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కోటు గుండీలు విప్పకుండా, సూపు చల్లార్చింది. ఎద్విజ్ రెండు చెంచాలు తాగి చాలంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే తల్లికి తేలిగ్గా ఉండేది.

"గుంట పూడి ఉంటుందని నాకు తెలుసమ్మా. ఈ ఊరి పిల్లనే కదా," అంది. "నాకు తెలుసు. నా చేతులకి తెలీదు."

మార్సెలీన్ చెంచా గిన్నెలో పెట్టింది.

"పదిహేడేళ్లు ఆగినదానివి," అంది ఎద్విజ్, కప్పు వైపు చూస్తూ, మామూలు గొంతుతో. "ఇంకొక్క రోజు ఆగలేకపోయావా?"

మార్సెలీన్ నోరు తెరిచింది. ఈసారి మింగడానికి కూడా ఏమీ లేదు.