అరవై ఒకటో గీత

బస్సులో తన టికెట్టుకు చెంగమ్మ డబ్బులిచ్చేసరికి శేషాద్రికి తల కొట్టేసినట్టయింది. ఆడవాళ్ళకు టౌను బస్సు ఉచితం. ఆమె పైసా తీయనక్కర్లేదు. అయినా కొంగుముడి విప్పి నోటు కండక్టరు చేతిలో పెట్టి, "ఈయనకు తిరుత్తణికి ఒకటి" అంది.

"నేనిస్తా కదక్కా, నీకేమిటికి?"

"ఉండనీ నాయనా. నాకు దోవ చూపిస్తావుండావు, ఈమాత్రం ఇచ్చేదానికేముండాది?"

ఆమె ఒళ్ళో పసుపు గుడ్డసంచి ఉంది. అందులో ఆమె కమ్మలు అమ్మిన నలభై వేలు ఉన్నాయి. అత్తిమంజేరిపేటలో మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టీ చుట్టీ వేళ్ళు అరగదీసుకుని చేయించుకున్న కమ్మలవి. ఇప్పుడు చెవుల్లో వేపపుల్లలున్నాయి. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా ఆ పుల్లలు కనిపించి, శేషాద్రి చూపు పక్కకు తిప్పుకుంటున్నాడు. ఆ డబ్బు ఇంకో గంటలో ఒక కల్యాణమండపంలో పరదేశపు డబ్బు వ్యాపారంలోకి పోబోతోంది. అదీ శేషాద్రి మాట నమ్మి.

శేషాద్రి గళ్ళ లుంగీలు నేస్తాడు. మొదలాళి, అంటే సరుకు పెట్టే షావుకారు, పడుగు ఇస్తాడు, లుంగీకి ముప్పై రూపాయల కూలి. కరెంటు పోతే అదీ లేదు. ఈ పనిలో ఒక ధైర్యం మాత్రం ఉంది. ఎర్ర పోగుల తర్వాత తెల్లవి, తెల్లవాటి తర్వాత నల్లవి, మళ్ళీ ఎర్రవి. ఎర్ర రాకపోవడమన్నది లేదు. నడుమ పోగు తెగిందా, ముడెయ్యాలి. గడి మళ్ళీ కుదురుకుంటుంది. తాత అదే నేర్పాడు, తండ్రీ అదే నేర్పాడు.

కిందటేడు ఆవడి నుంచి హర్షవర్ధన్ అనే కుర్రవాడు వచ్చి, తెర మీద ఇంగ్లండు పౌండు ధర చూపించాడు. ఎక్కిన ధర అలిసిపోయి కొంత వెనక్కి దిగుతుందట. దిగేచోట నూటికి ముప్పై ఎనిమిది, యాభై, అరవై ఒకటి వంతుల దగ్గర అడ్డగీతలు గీసుకుంటే, వాటిలో ఒకదాని మీద కాలూని మళ్ళీ ఎక్కుతుందట. అక్కడ కొనాలి, పైన అమ్మాలి. వినడానికి వచ్చినవాళ్ళంతా బుర్ర గోక్కున్నారు. శేషాద్రి మాత్రం 'ఓసి, ఇంతేనా!' అనుకున్నాడు. అడ్డగీతలు, నిలువుగీతలు, వచ్చిందే మళ్ళీ రావడం! అది అతని కళ్ళకు లుంగీ గడే.

మొదట్లో నాలుగు డబ్బులు వచ్చాయి కూడా. టీకొట్టు దగ్గర అందరికీ కాఫీలు పోయించాడు. తర్వాత ఒకరోజు ధర అరవై ఒకటో గీతకు దిగింది. ఉన్నదంతా పెట్టి కొన్నాడు. ధర ఆ గీత మీద ఆగలేదు, తెంచుకుని కిందికి పోయింది. ఇంకొకడైతే అప్పుడే బయటపడేవాడేమో. శేషాద్రి నేతగాడు. తెగిన పోగును వదిలేసి లేచిపోవడం అతనికి చేతకాదు. ముడేశాడు. అంటే ఇంకొంత డబ్బు వేశాడు. మళ్ళీ తెగింది, మళ్ళీ ముడేశాడు. ఆఖరి ముడికి పెళ్ళాం వనజాక్షి తాళిగొలుసు కుదువకు పోయింది. ఒక మధ్యాహ్నం కండె మార్చి వచ్చి ఫోను చూస్తే ఖాతాలో సున్నా ఉంది.

ఆ రోజే చెప్పి ఏడ్చి ఉంటే పోయేది. సిగ్గు! కాఫీలు పోయించిన నోటితో నష్టమని ఎలా అంటాడు? దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. పెళ్ళాం అడిగితే, "పైకి పోతావుండాది, ఇప్పుడు తీస్తే నష్టం" అన్నాడు. ఊరు అడిగితే "లాభమే" అన్నాడు. వనజాక్షి మెడలో పసుపుతాడు వేసుకుని, మొగుడు గొప్పవాడవుతున్నాడని మగ్గం దగ్గర నిలబడింది. అంతలో హర్షవర్ధన్ ఫోను చేసి, మనిషిని చేర్పిస్తే తలకు పదివేలు ఇస్తానన్నాడు. ధర ఎక్కనీ దిగనీ, హర్షవర్ధన్‌కు తలకింత అని వస్తూనే ఉంటుంది. మొదలాళికీ అంతే కదా, లుంగీ అమ్ముడుపోకపోతే కోత పడేది నేసినవాడి కూలికే.

కల్యాణమండపంలో నిన్నటి పెళ్ళి సాంబారు వాసన ఇంకా పోలేదు. చెంగమ్మ రెండో వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హర్షవర్ధన్ శేషాద్రి భుజం మీద చెయ్యేసి వేదిక ఎక్కించాడు.

"ఈ అన్న ఎనిమిదో క్లాసుతో నిలిపేసినాడు. లుంగీ నేసే అన్న! ఈయనకు వచ్చింది మీకు రాదా? అన్నా, ఒక్కసారి గీసి చూపించండి."

శేషాద్రి బోర్డు మీద ఎక్కిన ధర గీశాడు, దిగిన ధర గీశాడు, అడ్డగీతలు లాగాడు. మగ్గం మీద బతికిన చెయ్యి, గీత వంకరపోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. చెంగమ్మ పక్కనున్నామెతో, "మా వీధే!" అంది గట్టిగా.

"సూపర్! ఇప్పుడు చెప్పండన్నా, పోయిన నెల ఎంతొచ్చింది?"

చెప్పాల్సిన అంకె కారిడార్లోనే చెవిలో వేశాడు కుర్రవాడు. శేషాద్రి నోరు తెరిచాడు. చెంగమ్మ సంచి ముడి విప్పుతోంది.

"అక్కా, ముడి ఇప్పొద్దు" అన్నాడు.

బోర్డు మీది గీతకు వేలు ఆనించాడు.

"నాకేం రాల్యా. ఈ గీత ఉండాదే, అరవై ఒకటి, దీని మీద ధర నిలబడల్యా. కిందికి పోయింది. నాదంతా పోయింది. లాభమని నేను చెప్పిందంతా అబద్ధం."

"అన్నా, ఎన్న పేసుఱీంగ? ఏం మాట్లాడతావుండారు?" హర్షవర్ధన్ నవ్వుతూనే మైకు లాక్కున్నాడు. "ఈయన రూలు తప్పినాడు, ఇంతకు దిగితే అమ్మేసే స్టాప్‌లాస్ పెట్టల్యా, అందుకే..."

శేషాద్రి మెట్లు దిగి బయటికి నడిచాడు. వెనక కొందరు లేచారు, చాలామంది కూర్చునే ఉన్నారు.

చెంగమ్మ బస్టాండులో అతన్ని పట్టుకుంది. మెచ్చుకుంటుందేమోనని ఏ మూలో చిన్న ఆశ ఉండింది అతనికి.

"నా కమ్మలు అమ్మేదాకా నీ నోరు యాడ పెట్టుకోనుంటివి రా?" అంది. "అమ్మేదానికి అంగడికి నువ్వే గదా తోడొచ్చినావు!"

తిరుగు బస్సులో అతని టికెట్టు అతనే తీసుకున్నాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని, దిగేముందు మాత్రం వెనక్కి తిరిగి అడిగింది. "వనజకు తెల్సునా?"

"తెలీదక్కా."

"ఊరందరి ముందరా చెప్పినావు. పో, ఆమెకు చెప్పు పో."

వీధి మొదట్లోనే తన ఇంటి మగ్గం చప్పుడు గుర్తుపట్టాడు. వనజాక్షి అతన్ని చూసి చెమట తుడుచుకుంటూ, "చెంగమ్మక్క కట్టేసిందా? ఆ పదివేలతో గొలుసు వడ్డీ అయినా కట్టొచ్చు గదా!" అని అరిచింది. ఆ చప్పుడులో ఏం చెప్పినా అరిచే చెప్పాలి.

శేషాద్రి వెళ్ళి స్విచ్చి ఆపాడు.

"యేమిటికి ఆపినావు? పొద్దుగూకేలోగా ఇంకో రెండు దిగుతాయి గదా!"

"గొలుసు రాదు, వనజా" అన్నాడు.

పక్కింటి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆమె పసుపుతాడు పక్కకు తోసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏందీ?" అంది.

మళ్ళీ చెప్పాలి.