పాటలో పోయిన ఓలీటా

“ఈసారి పాటలో వాడు నన్ను చంపేస్తాడు, చూస్తూ ఉండు వదినా,” అంది ఓలీటా, రేడియో గొంతు తగ్గిస్తూ.

పొరుగింటి ఐనెజ్ బఠాణీలు ఒలుస్తూ, కన్నకొడుకు అంత పని చేయడులే అంది. ఓలీటాకు నమ్మకం కుదరలేదు. కొడుకు రాయ్స్ ఇప్పటికే తన పాటల్లో కుక్కను పోగొట్టుకున్నాడు, మేనమామను జైల్లో పెట్టాడు, ఇద్దరు పెళ్లాలను బస్సెక్కించాడు. అవన్నీ జరిగినవే. ఇంట్లో ఇక మిగిలింది తనే.

పాటల కంపెనీలుండే నాష్‌విల్‌లో వాడు ఉన్నన్నాళ్లూ ఆమెకు కాస్త నిశ్చింత. కంపెనీవాళ్లు వాడికి సూటు తొడిగి, వెనక వయొలిన్లు పెట్టి, తాము చెప్పినవే పాడించారు. వాడు తన బ్యాండే వాయించాలని పట్టుబట్టి, తగవు పెట్టుకుని, గడ్డం పెంచుకుని టెక్సాస్‌కు వచ్చేశాడు. ఇప్పుడు తాగినవాళ్లు విసిరే బీరు సీసాలు తగలకుండా వేదిక ముందు కోళ్లగూటి వల కట్టే హాళ్లలో పాడుతున్నాడు. పత్రికలవాళ్లు బందిపోటు గాయకుడని పేరు పెట్టారు. జనం ఎగబడ్డారు. పోలీసులు అది నిజమనుకుంటారేమోనని ఓలీటా దిగులు. వల సరిగ్గా బిగించారో లేదోనని ఇంకో దిగులు.

పత్తి పూతకొచ్చే వేళకు ఆ పాట రానే వచ్చింది. అమ్మ పోయింది. ఊరంతా కలిసి పాతిపెడుతున్నారు. కొడుకు మాత్రం ఎక్కడో బారులో కూర్చుని ఇంకో గ్లాసు పొయ్యమంటున్నాడు.

చావు జరిగిన ఇంటికి వండి పట్టుకెళ్లడం ఆ ఊళ్లో ఎవరూ మానరు. మర్నాడు మధ్యాహ్నానికల్లా చర్చి ఆడవాళ్లు మూతలు పెట్టిన గిన్నెలతో వచ్చి తలుపు తట్టారు. తీసింది ఓలీటాయే. పాస్టరుగారి భార్య ఆమెను ఎగాదిగా చూసింది.

“రేడియోలో విన్నాం. ఎలాగూ వండేశాం కదా, తీసుకో,” అంది.

తన చావు భోజనం ఓలీటా ఆ వారమంతా తనే తింది. రుచిగానే ఉంది. ఎవరెవరు రాలేదో కూడా మనసులో పెట్టుకుంది.

పాటలో తాను పోయినందుకు ఆమెకు బాధ లేదు, ఎప్పటికైనా పోవలసిందే. పాతిపెట్టేటప్పుడు కొడుకు రాకపోవడమే బాధ. వాడి పాటల్లో అబద్ధాలు తక్కువ.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోను మోగింది. రాయ్స్ ఏదో హాలు నుంచి మాట్లాడుతున్నాడు. గిన్నెల సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

“నవ్వకురా. నేను నిజంగా పోతే వస్తావా, రావా?”

అవతల ఎవరో డ్రమ్ము బిగిస్తున్న చప్పుడు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. వాడు ఫోను వదిలేసి వెళ్లిపోయాడేమో, వాడికి గుండె ఆగిందేమో, అడక్కూడనిది అడిగానేమో అని ఓలీటా వరసగా భయపడింది.

“వస్తానమ్మా,” అన్నాడు రాయ్స్ చివరికి. “ఆ రోజు నన్ను పాడమని మాత్రం అడగొద్దని చర్చివాళ్లకు ముందే చెప్పి ఉంచు.”