పరదేశి నెట్టుకర్ర

పరదేశి కర్ర ఒక కొసను పళ్ల మధ్య బిగబట్టి, రెండో కొసను తిరుగుతున్న రంపం బేరింగు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెక్కను రంపం మీదికి నెట్టే మూరెడు చింతకర్ర అది. పరదేశికి వేపపుల్ల చాలక చింతమాను నములుతున్నాడని చోడవరం కర్రల మిల్లులో అందరికీ నవ్వులాట. నవ్వనీ అనుకునేవాడు. రెండేళ్లుగా తన చెవులు పనిచేయడం లేదని, మిషను చప్పుడు ఆ కర్రలోంచి పళ్లకీ, పళ్లలోంచి తలకీ ఎక్కుతుందని ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే ఆ పూటే రంపం దగ్గరనుంచి తప్పిస్తారు.

బేరింగు బాగానే ఉంది. మరి పలక ఎందుకు మాడుతోంది?

రోలుగుంట రైతు ఇంటి గుమ్మాలకి తెచ్చిన పనస అది. పొద్దుటినుంచి కోసిన ప్రతి పలకా నల్లగా కాలి, సగంలో బిగుసుకుని వెనక్కి తన్నుతోంది. రంపం మొద్దుబారింది, ఆకురాయి పట్టు అని యజమాని గణపతిరావు ఇందాకే చెప్పి వెళ్లాడు. ఆయన పెదాలు చూసి పరదేశి తలూపాడు గాని నమ్మలేదు.

మీట వెనక్కి తోసి, బెల్టు తప్పించి రంపం ఆపాడు. పలకను వెలుగులోకి తిప్పాడు. మాడు ఒక పక్కే ఉంది. రంపం పళ్లు మొద్దుబారితే రెండు పక్కలా మాడాలి. అంటే తప్పు రంపానిది కాదు, చెక్కను తిన్నగా నడిపే ఇనపపట్టీది. ఈనెపుల్ల తుంచి పట్టీకీ రంపానికీ మధ్య ముందు కొలిచాడు, వెనక కొలిచాడు. వెనక పుల్ల దూరలేదు. పట్టీ రంపం వైపు వాలి చెక్కను నొక్కేస్తోంది. అంతే సంగతి. పన్నెండో ఏట కోత గుంటలో నిలబడి, కళ్లలో పొట్టు పడుతుంటే కిందినుంచి రంపం లాగినవాడు. ఇంజను వచ్చి ఆ గుంటలు పూడిపోయాయి, పెళ్లాం పోయింది. ఇలాంటి తప్పు పట్టుకోవడమొక్కటే అతనికి మిగిలిన సంతోషం. బోల్టులు వదులు చేసి పట్టీ జరిపి, పుల్ల రెండుచోట్లా ఒకేలా ఆడేదాకా చూసి బిగించాడు.

ఈలోగా పొట్టు ఎత్తే నూకరత్నం వెదురుబుట్టతో రంపం బల్ల కిందికి దూరింది. ఆ మిల్లులో ఒక కట్టుబాటుంది. చెయ్యి పెట్టేముందు "సెయ్యెట్టేను" అనాలి, తీశాక "తీసేను" అనాలి. ఆ రెండో మాట వినిగాని మీట లాగకూడదు. పరదేశి రెండేళ్లుగా ఆమె పాదాలు చూసుకుని లాగుతున్నాడు. ఇవాళ మాడిన పలకల దొంతర పాదాలకు అడ్డమొచ్చింది. పని కుదిరిన సంబరంలో అతను వంగి చూడలేదు. మీట లాగాడు.

వెదురుబుట్ట ముక్కలు ఎగిరొచ్చి రొమ్ముకి తగిలాయి.

మీట వెనక్కి తోసేసరికి నూకరత్నం పాక్కుంటూ బయటికొచ్చింది. పరదేశి ఆమె వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి.

"సెయ్యెట్టేనని కేకేసేను గదా మావా" అంది. అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "నీకు ఇనపడనేదా?"

గణపతిరావు పరుగున వచ్చాడు. "ఏటైంది?"

"కేకెయ్యడం మర్సిపోనాను బాబూ. నాదే తప్పు" అంది నూకరత్నం.

ఆయన ఆమెను తిట్టాడు. ఆమె పెదాల మీద అబద్ధం పరదేశి చూశాడు. ఆయన తిట్లు వినపడలేదు. వంగిన ఆమె తల కనిపించింది. సిగ్గుతో చితికిపోయాడు.

"దాన్ననకండి బాబూ. అది సెప్పే ఉంటాది. నాకే సెవుల్లేవు. రెండేళ్లయింది."

గణపతిరావు బుట్ట ముక్కల్ని కాలితో పక్కకి తోశాడు. తర్వాత ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా నెమ్మదిగా అన్నాడు. "దుంగలు పేర్చుకుంటా ఉండిపోరా. నిన్నెవడు పొమ్మన్నాడు?"

"దుంగ దొర్లినా కేకే గదా బాబూ ఆధారం."

పోయేముందు ఒక్క పలక కోస్తానన్నాడు. నూకరత్నం అతని ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అప్పుడు మీట లాగాడు. పనస ఎక్కడా మచ్చ లేకుండా పచ్చగా తేలింది. ఆ పలకను ఒకసారి నిమిరి, కర్రను పళ్ల మధ్య పట్టి బేరింగు చప్పుడు చివరిసారి విని, రంపం ఆపి, కర్రను మేకుకి తగిలించి, తువ్వాలు దులుపుకుని రావికమతం రోడ్డు పట్టాడు.

"మావా" అని గేటుదాకా వచ్చి పిలిచింది నూకరత్నం. పిలిచాక గుర్తొచ్చి, పొట్టు చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

లోపల మేకుకి కర్ర ఊగుతోంది. ఒక కొసన రంపం గాట్లు, రెండో కొసన పరదేశి పంటిగాట్లు, ఇంకా తడిగా.