గొట్టానికో చిల్లు

ఉప్పు ఇంకా పూర్తిగా కరగలేదు. ఉప్పాయన చెయ్యి మోచేతి దాకా పీపాలో ముంచి అడుగంతా తడిమాడు. గరగరమంటూ రవ్వలు వేళ్ళకు తగిలాయి. చెయ్యి విదిలించి మళ్ళీ తెడ్డు అందుకున్నాడు. కాసేపు ఇటు, కాసేపు అటు, తొందర లేకుండా తిప్పుతున్నాడు. మంచినీటి చేపలైతే ఏ గొడవా లేదు, కుళాయి నీళ్ళు పట్టి కాస్త నిలవ ఉంచి పోసేయవచ్చు. ఈ ఇంట్లో ఉన్నవి సముద్రపు చేపలు. వాటికి వారం వారం ఓ బుల్లి సముద్రాన్ని కలిపి ఇవ్వాలి. ఉప్పు ఒక పిసరు అటూ ఇటూ అయితే అలిగి రాళ్ళ వెనక్కి పోతాయి, ఇంకాస్త తేడా వస్తే చచ్చి ఊరుకుంటాయి.

ఇన్నేళ్ళుగా అతని పని అదే. తొట్టెలోంచి పాత నీళ్ళు కొన్ని తోడి పారబోయడం, కొత్త ఉప్పునీళ్ళు బకెట్లతో తెచ్చి పోయడం. పొట్టి మనిషి. బకెట్లు మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగిపోయింది. ఏ దర్జీ కుట్టినా అతని ఒంటి మీద చొక్కా వంకరగానే ఉండేది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పగిలి ఉండేది. చేపల కొట్టు యజమాని మొదలుకొని అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల దాకా అందరూ ఉప్పాయన అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు తెలిసిన మనిషి అతని ఇంట్లో ఒకావిడ ఉంది గానీ, ఆవిడ 'ఏమయ్యా'తో సరిపెట్టుకునేది.

ఈ రోజు పని వేరు. ఈ రోజు అతను తన గొయ్యి తానే తవ్వుకోవడానికి వచ్చాడు.

కొట్టు యజమాని ఇక ఇళ్ళకు మనిషిని పంపనన్నాడు. నీళ్ళు వాటంతట అవే మారే యంత్రాలు వచ్చాయి, ఇంటింటికీ అవే బిగించమన్నాడు. బిగించే మనిషి మళ్ళీ ఉప్పాయనే. ఒక్కో ఇంట్లో యంత్రం పెట్టి వస్తుంటే ఒక్కో ఇల్లు అతని చేతిలోంచి జారిపోయింది. మిగిలింది ఈ ఒక్కటే. "ఇదొక్కటీ బిగించేసి రా. తర్వాత హాయిగా ఇంటిపట్టున ఉందువు గాని," అన్నాడు యజమాని, ఏదో వరమిస్తున్నట్టు. ఇంటిపట్టున ఉంటే హాయి ఎవరికో ఉప్పాయనకు బోధపడలేదు. పని లేని ఆదివారాలే అతనికి గుండె మీద బండలా ఉండేవి. ఇక అన్నీ ఆదివారాలే.

లిఫ్టు ఎప్పటిలాగే పాడయింది. పీపా, మోటారు, గొట్టాలు రెండు విడతలుగా మెట్ల మీద మోసుకొచ్చాడు. రెండోసారి మధ్యలో కూర్చుండిపోయాడు. ఊపిరి అందలేదు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టయింది. మెట్లను తిట్టుకున్నాడు, లిఫ్టును తిట్టుకున్నాడు. అక్కడ కూర్చున్నప్పుడే ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది.

యంత్రం అంటే పెద్ద మాట గానీ, అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. నేల మీద పీపా నిండా కొత్త ఉప్పునీళ్ళు, అందులో మునిగి ఉండే చిన్న మోటారు. అక్కడి నుంచి సన్నని గొట్టం ఒకటి తొట్టె అంచు మీదుగా ఎక్కి అడుగుదాకా దిగుతుంది. గోడ మీది టైమరు రోజూ మోటారును కాసేపు తిప్పి ఆపుతుంది. కొత్త నీళ్ళు అడుగున చేరుతుంటే, పాతవి పైనున్న రంధ్రంలోంచి పొర్లి బాత్‌రూమ్ కాలవలోకి పోతాయి. పీపా ఖాళీ అయితే కొట్టు వ్యాన్‌లో కలిపిన నీళ్ళు వస్తాయి.

చిక్కంతా మోటారు ఆగాక ఉంది. ఎక్కిన గొట్టం వెంబడే తొట్టె నీళ్ళు వెనక్కి దిగాలని చూస్తాయి. ఒకసారి దారి దొరికిందంటే తొట్టె అడుగంటేదాకా ఆగవు. పీపా పొంగి, ఇల్లు నిండి, చేపలు పక్కకు ఒరిగి కొట్టుకుంటాయి. అందుకే గొట్టం మధ్యలో ఒక వాల్వు ఉంటుంది. నీళ్ళను పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. కొత్తలో అది కొత్త అల్లుడంత బుద్ధిగా ఉంటుంది. నెలో రెండు నెలలో గడిచాక ఉప్పు పేరుకుని నోరు తెరుచుకుని ఉండిపోతుంది. దానికి విరుగుడు ఉప్పాయనకు తెలుసు. తొట్టె లోపల నీటిమట్టానికి కాస్త పైన గొట్టానికి సన్నని చిల్లు పెట్టాలి. మోటారు ఆగగానే ఆ చిల్లులోంచి గాలి దూరి నీళ్ళ దారి తెగిపోతుంది. యంత్రంతో వచ్చిన కాగితంలో ఈ ఊసే లేదు.

అన్ని ఇళ్ళలోనూ ఆ చిల్లు పెట్టాడు, పార్కు పక్క ఇంట్లో తప్ప. అక్కడ మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు. కొన్నాళ్ళకు ఆ ఇల్లు చెరువయింది. ఇంటాయన యంత్రాన్ని ఊడబీకి కొట్టు ముందు పడేసి, "మాకు మనిషే కావాలి, ఆ ఉప్పాయన్నే పంపండి," అని కూర్చున్నాడు. వాళ్ళు ఊరు మారేదాకా ఉప్పాయన వారం వారం వెళ్ళాడు. ఆ సంగతి అప్పటినుంచీ అతని బుర్రలో ఓ మూల నక్కి ఉంది. ఇవాళ మెట్ల మీద లేచి నిలబడింది. చెడ్డపని చెయ్యక్కర్లేదు. చిన్న పని ఒకటి చెయ్యకుండా ఉంటే చాలు. ఎవరూ ఒక్క మాట అనలేరు.

"టీ పెట్టనా?" ఇంటావిడ వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

"ఇప్పుడొద్దమ్మా, చేతులు ఖాళీ లేవు."

"నీ చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి కనక! వచ్చే వారం నుంచి మాత్రం..." అని మిగతా మాట మింగేసింది. "సరే, నీ పని కానీ," అంటూ లోపలికి పోయింది.

హాల్లో, తొట్టెకు ఎదురుగా, చేతుల కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. ఆవిడ భర్త. రైలు పెట్టెల బ్రేకులు సరిచూసే ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడివైపంతా పోయింది, ఎడమ కాలిలోనూ సత్తువ లేదు. మిగిలింది ఎడమ చెయ్యి, రెండు కళ్ళు. ఆ కళ్ళకు పని తొట్టెలోని పసుపు చేప, తెల్లచారల జంట. అవి ఎటు తిరిగితే ఆ కళ్ళు అటు తిరిగేవి.

ఈ రోజు మాత్రం ఆయన చేపల్ని చూడటం లేదు. ఉప్పాయన చేతుల్నే చూస్తున్నాడు.

అది ఉప్పాయనకు వీపు మీద దురదలా తెలుస్తూనే ఉంది. ఎందుకంటే, గొట్టానికి చిల్లు పెట్టే కిటుకు అతనికి మొట్టమొదట నేర్పింది పెద్దాయనే. ఈ తొట్టె ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ నేల మీద చతికిలబడి, వాదులాడుకుంటూ, ఒకరి గొట్టం ఒకరు లాక్కుంటూ దాని నీళ్ళు వడగట్టే మోటారు బిగించారు. "బ్రేకు ఒక్కటే ఉంటే అది బ్రేకు కాదయ్యా, అదృష్టం," అన్నాడాయన అప్పట్లో. అప్పుడాయనకు గొంతుండేది, అదీ మామూలు గొంతు కాదు, పక్కింటివాళ్ళు తలుపేసుకునేంత గొంతు.

ఉప్పాయన వాల్వు బిగించాడు. గొట్టాన్ని తొట్టె అంచు మీద వంచి క్లిప్పు పెట్టాడు. కొనను రాళ్ళ పక్కగా అడుక్కి దించాడు. చిల్లు పెట్టాల్సిన చోటు దాటి అతని చెయ్యి కిందికి వెళ్ళిపోయింది.

"ఊ... ఊఁ..."

తిరిగి చూశాడు. పెద్దాయన ఎడమ చెయ్యి పైకి లేచింది. చూపుడువేలు వణుకుతూ తొట్టె అంచు దగ్గర గొట్టం వంపును చూపిస్తోంది. సరిగ్గా ఆ చోటునే.

ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటండీ? దాహమా?" ఆయన తల అడ్డంగా ఆడించాడు. వేలు దించలేదు. "ఏదో చూపిస్తున్నారు. ఏంటో చూడవయ్యా, మీ ఇద్దరి భాష నాకు అర్థమై చావదు."

ఉప్పాయన గొట్టం వంక చూశాడు. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పేస్తే సరిపోయేది.

"నీళ్ళెప్పుడు వదుల్తానని అడుగుతున్నారమ్మా."

"ఓస్, అంతేనా! వదుల్తాడు ఉండండి, రైలేమీ వెళ్ళిపోవట్లేదు," అని నవ్వి ఆవిడ ఆయన భుజం తట్టింది.

పెద్దాయన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత కుర్చీ చేతి మీద వాలింది. ఉప్పాయన పక్కకు జరిగి, తన వీపు ఆయనకూ గొట్టానికీ మధ్య అడ్డం వచ్చేలా నిలబడ్డాడు. మాట లేనివాడి దగ్గర అబద్ధమాడినందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా కదల్లేదు.

ప్లగ్గు పెట్టాడు. మోటారు సన్నగా మూలిగింది. తొట్టె అడుగున ఇసుక కొంచెం లేచి సర్దుకుంది. బాత్‌రూమ్‌లో పాత నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. పసుపు చేప కొత్త నీటి ధార దగ్గరకు వచ్చి ముక్కు పెట్టి చూసింది. టైమరు టక్కుమంది, మోటారు ఆగింది. గొట్టంలో నీళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వాల్వు తన పని తాను బంగారంలా చేసింది. కొత్తది కదా మరి.

"అబ్బ, ఎంత సులువుగా అయిపోయింది!" అంది ఇంటావిడ. వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "మరి మోటారు ఆగినప్పుడు నీళ్ళు వెనక్కి రావా? వెనకటికి ఈయన అలా ఏదో అంటుండేవారు."

"వాల్వు ఉందమ్మా."

"నువ్వు ఉందంటే ఇంక నాకు బెంగ లేదు," అని ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

పని అయిపోయింది. అటువైపు పెద్దాయన అలసిపోయి నిద్రలోకి జారాడు. తల ఒక పక్కకు వాలింది, నోరు కాస్త తెరుచుకుంది. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. ఉప్పాయనకు ఊరట కలగాలి. కలగలేదు. పట్టకార్లు, గుడ్డలు సంచిలో వేసుకుని, నేల మీది నీటి చుక్కలు తుడవడానికి వంగాడు. తుడుస్తూ తుడుస్తూ కుర్చీ దాకా వెళ్ళాడు.

అక్కడ పెద్దాయన పాదాలు ఉన్నాయి. బూడిదరంగు మేజోళ్ళలో, ఎవరో పెట్టిపోయిన వస్తువుల్లా పక్కపక్కన. వాటికి జానెడు దూరంలో నిండు పీపా. పీపా పక్కనే నేల మీద కరెంటు ప్లగ్గుల బోర్డు. పొద్దుటి నుంచి అతను ఇల్లంతా చూశాడు గానీ ఆ మూల నేలను చూడలేదు. చూడకుండా జాగ్రత్తపడ్డాడు. పీపా పొంగిన రోజు ఈయన కేక వెయ్యలేడు. కాళ్ళు ఎత్తుకోలేడు. ఉప్పునీళ్ళు మేజోళ్ళలోకి ఎక్కుతుంటే కూర్చుని చూస్తాడు, ఎందుకు ఎక్కుతున్నాయో ఈయన ఒక్కడికే తెలుస్తుంది. ఆవిడ గాభరాగా పరిగెత్తుకొచ్చి ఆ నీళ్ళలోనే కాలు పెడుతుంది.

ఉప్పాయన తడిగుడ్డ పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. "అమ్మా, ఒక సూది ఉందా?"

ఆవిడ దిండు గలీబు కుడుతూ మధ్యలో వదిలేసినట్టుంది. ఊదారంగు దారం తెంపి, బెజ్జంలో మిగిలిన ముక్కతోనే సూది ఇచ్చింది. "గుచ్చుకుంటుంది, జాగ్రత్త. ఏం కుట్టుకుంటావు?"

"చిన్న పని మిగిలిపోయిందమ్మా. పొయ్యి వాడుకుంటాను."

సూది వెనక్కొస పట్టకారుతో పట్టుకుని మొనను మంటలో పెట్టాడు. ఎర్రబడగానే హాల్లోకి నడిచాడు. నీటిమట్టానికి కాస్త పైన, పెద్దాయన వేలు చూపించిన చోట, గొట్టంలోకి దింపాడు. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. అది చాలలేదు అతనికి. వాల్వు ఊడదీసి, గొట్టం రెండు ముక్కల్నీ నేరుగా కలిపి, మోటారు తిప్పి, ఒక్కసారిగా ప్లగ్గు పీకాడు. నీళ్ళు వెనక్కి దూకబోయాయి. చిల్లు దగ్గర గుటుక్కుమంది. గొట్టంలోకి గాలి బుడగ పాకింది. నీళ్ళు తెగిపోయాయి. తొట్టె నిండుగా, నిశ్చలంగా ఉంది. వాల్వు మళ్ళీ బిగించి, బోర్డును నేల మీంచి తీసి గోడ మేకుకు తగిలించాడు. సూది ఎక్కడ పెట్టాలో తోచక, చేతులు ఖాళీ లేక, చొక్కా జేబు లోపలివైపు గుచ్చుకున్నాడు.

పెద్దాయన కదల్లేదు. నిద్ర గాఢంగా ఉంది.

"లేపనా? వెళ్ళొస్తానని చెబుదువు," అంది ఇంటావిడ.

"వద్దమ్మా, పడుకోనివ్వండి."

"అప్పుడప్పుడూ వస్తూ ఉండు. పని ఉంటేనే రావాలని ఏముంది?"

"అలాగేనమ్మా," అన్నాడు. పని లేకుండా ఆ మెట్లు ఎక్కే మనిషి కాదని ఆవిడకూ తెలుసు, అతనికీ తెలుసు. గుమ్మంలో ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అతను చెప్పులు వేసుకోవడంలో మునిగిపోయినట్టు తల దించుకున్నాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. చొక్కా విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, గోడకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, అయిందా?" పెళ్ళాం అడిగింది.

"అయింది."

"సరిగ్గా అయిందా?"

"ఊఁ. సరిగ్గానే అయింది."

"అయితే రేపటి నుంచి నా నెత్తినెక్కి కూర్చుంటావన్నమాట. టీ తాగుతావా?"

"పెట్టు."

ఆవిడ పొయ్యి వెలిగించి, అక్కడి నుంచే సాధింపు మొదలుపెట్టింది. ఇంట్లో ఉంటే ఊరికే కూర్చోవడం కుదరదనీ, కుళాయి బొట్లు బొట్లుగా కారుతోందనీ, కిటికీ రెక్క ఊడిందనీ, ఊరందరి నీళ్ళూ మార్చావు గానీ ఇంట్లో తొట్టి ఏనాడైనా కడిగావా అనీ. జవాబు రాకపోవడం ఆవిడకు అలవాటే. గ్లాసు తెచ్చి, "ఇదిగో," అంది. మళ్ళీ, "ఇదిగో, చల్లారిపోతుంది," అంది. అతని రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ గ్లాసు కింద పెట్టి, జీవితంలో మొదటిసారి అతన్ని పేరు పెట్టి పిలిచింది.

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు. కొట్టు యజమాని కూడా వచ్చి, మంచి పనివాడని నాలుగు మాటలు చెప్పి, వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇల్లు సద్దుమణిగాక ఆవిడ తలుపు వెనక చొక్కా తీసింది. ఉప్పు వాసన వేస్తోంది. మడత పెట్టబోతుంటే బొటనవేలికి ఏదో చురుక్కుమని తగిలింది. జేబు తిరగేసి వెలుతురులోకి పట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరి బట్టల్లోనూ లేని ఊదారంగు దారం బెత్తెడు వేలాడుతూ, మొన నల్లగా మాడిన సూది ఒకటి అక్కడ గుచ్చి ఉంది.