రెండో వరుసలో బండి

మా ఆయన షాకిర్ డిపార్ట్‌మెంటుకి హెడ్ అయిన వారానికే మాస్టారి పార్కింగ్ చోటు మాదైపోయింది. మాదైపోయింది అని మెల్లగా అంటున్నాను గానీ, లాక్కున్నాం. ఇంకో మాట లేదు దానికి.

అలెగ్జాండ్రియాలో, మా యూనివర్సిటీ సైన్సు కాలేజీలో, బండి ఎక్కడ పెట్టావన్న దాన్నిబట్టే నీ స్థాయేమిటో తెలిసిపోతుంది. మెట్ల పక్కన చెట్ల నీడలో, నేలమీద పసుపు రంగుతో పేరు రాసి ఉన్న చోట్లు పెద్దవాళ్ళవి. రేకుల షెడ్డు స్టిక్కరున్న లెక్చరర్లది. ట్రాము లైను వైపు గేటు అవతల మట్టి మైదానం మిగతా జనానిది. కొత్త డీన్ వస్తూనే, పదవిలో ఉన్నవాళ్ళకే పేరున్న చోటు, రిటైరైనవాళ్ళు మైదానంలో పెట్టుకోవాలి అని రూలు తెచ్చాడు. ఎవరికైనా మినహాయింపు కావాలంటే హెడ్ ఒక ముక్క రాసిస్తే చాలన్నాడట కూడా.

బహ్గత్ మాస్టారు రిటైరై ఏళ్ళు గడిచాయి. అయినా ప్రతి మంగళవారం వచ్చి, రూపాయి ఆశ లేకుండా పిల్లల థీసిస్‌లు దిద్దుతారు. భార్య పోయాక ఆయనకి వారమంతా ఆ మంగళవారం కోసమే. మోకాళ్ళు చూస్తే ఏడుపొస్తుంది. షాకిర్ థీసిస్‌ని కమిటీ వెనక్కి కొట్టినప్పుడు, ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి మరీ తిరగరాయించిన మనిషి ఈయనే. మా పెళ్ళికి సాక్షి సంతకం కూడా ఈయనదే.

"ఆ ముక్కేదో రాసి పడెయ్యొచ్చుగా?" అన్నాను షాకిర్‌తో.

"ఒకరికి రాస్తే పదిమంది వస్తారు ఇన్షిరాహ్. రూలు రూలే."

"రూలుకి మోకాళ్ళ నొప్పుల్లేవుగా! మైదానం నుంచి ఆయన నడవగలరా? రెండు వారాలు చూసి మానేస్తారు. మానేస్తే ఆ ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు ఆయనకి?"

"సరే తల్లీ, మంగళవారం నేనే మాట్లాడతాను."

మాట్లాడాడు, నా మొహం! బళ్ళు చూసుకునే మెత్వల్లీ బాబాయ్‌తో చెప్పించాడు. ఆ సంగతి నాకు బాబాయే చెప్పాడు.

"నేను చెప్పలేక చెప్పానమ్మా. ఆయన నవ్వేసి, 'పోన్లే, మావాడు హెడ్డయ్యాడుగా, వాడు నీడలో ఉండొద్దూ' అన్నారు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బాబాయ్ మొహం చూడలేక, సంచిలో లేని తాళాల కోసం వెతుకుతూ నిలబడ్డాను. తప్పు చేసింది మొగుడైతే సిగ్గు నాకెందుకు అనుకుందామని చూశాను, కుదరలేదు. రోజూ ఆ నీడలో దిగేది నేను కూడా.

తరవాతి మంగళవారం మధ్యాహ్నం, నా స్కూలు వదలగానే కాలేజీకి వచ్చాను. ఊరి చివర అగామీలో మా అక్క మమ్మల్ని భోజనానికి పిలిచి, చేపలు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయతో అన్నం వండి పెట్టుకుని కూర్చుంది. షాకిర్ మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్ళి అడిగాను.

"ఇవాళైనా మాస్టారితో మాట్లాడావా?"

"పొద్దుణ్ణించీ మీటింగులే సరిపోయాయి."

"నోరు పెగల్లేదని చెప్పు."

"ఇక్కడ రోడ్డు మీద మొదలెట్టకు."

చూస్తే మా బండికి అడ్డంగా, రెండో వరుసలో మాస్టారి నీలం బండి ఉంది. అదిగో, ఇవాళ ఆయన మైదానం దాకా పోలేకపోయారన్నమాట. ముందు అద్దానికి ఎండ తగలకుండా వెండిరంగు అట్ట, పక్క అద్దాలకీ వెనక అద్దానికీ చనిపోయిన ఆవిడ కుట్టిన కర్టెన్లు.

మా ఊళ్ళో రెండో వరుసలో పెట్టడం తప్పు కాదు. కాకపోతే ఒక మర్యాద ఉంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు దించి వెళ్ళాలి. లోపలివాడు బయటికి రావాలంటే ఆ బండిని తోసుకుని తన దారి తను చూసుకుంటాడు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ ఏమనుకోరు. మాస్టారు ఈ మర్యాద ఒక్కనాడూ తప్పలేదు.

"బాబాయ్‌ని పిలువు" అన్నాను.

"నమాజుకి వెళ్ళాడు. ఎంతసేపు, మనిద్దరం చాలు. పట్టు."

షాకిర్ ఎడమ మూల పట్టుకున్నాడు, నేను కుడి మూల. గురువుగారి చోటు లాక్కున్నది చాలక ఆయన బండిని కూడా గెంటుతున్నాం అనుకుంటే చేతులు ఆనలేదు. అయినా తోశాను. బండి మెల్లగా కదిలింది.

ఎదురుగా పూలమడి గోడ ఉంది. దానికి తగిలేలోపు ఆపాలి, లేదంటే దీపం పగులుతుంది. నేను "ఆపు, ఆపు" అనేలోపే ముందు చక్రాలు చక్కగా పక్కకి తిరిగాయి. బండి గోడని తప్పించుకుని, మడి చుట్టూ ఒద్దికగా వంపు తిరిగి, ఎవరికీ అడ్డం లేని చోట ఆగింది.

తాళంచెవి లాగేసిన బండికి స్టీరింగు తిరగదు. కారు తోలడం రాని నాకు కూడా తెలుసు ఆ మాట.

"చాల్లే, పద, అక్క చూస్తుంటుంది" అంటూ షాకిర్ గబగబా మా బండి వైపు వెళ్ళిపోయాడు.

నేను ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను. కర్టెన్ పక్కసందులోంచి చూద్దును గదా, మాస్టారు. ఆ పెద్ద మనిషి సీట్లో కిందికి జారి, ముడుచుకుని, అట్ట పక్కసందులోంచి ముందుకి చూస్తూ, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి అద్దం కొద్దిగా దించారు. చెమటలు కారిపోతున్నాయి.

"కాళ్ళు కాస్త సర్దుకుంటే ఇంటికి వెళ్దామని కూర్చున్నానమ్మా. తీసేద్దాం అనుకునేలోపే మీరు వచ్చేశారు" అన్నారు గొంతు తగ్గించి, తప్పు తనదైనట్టు.

"మాస్టారూ..." అన్నాను. ఏడుపొచ్చింది, అది కూడా ఆయన ముందు సిగ్గే.

"ఊరుకో. ఇదిగో, మావాడికి చెప్పకు. నేను లోపలుండగా తోశాడని తెలిస్తే పాపం వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. వచ్చే వారం నుంచి నేనెలాగూ రావట్లేదులే. ఈ కాళ్ళతో ఇంక నా వల్ల కాదు. పిల్లల్నే ఇంటికి పంపించమను. వీలైతేనే."

అద్దం ఎత్తేసుకున్నారు. ఎండలో, ఆ మూసిన బండిలో, మేం వెళ్ళిపోయేదాకా అలాగే ముడుచుకుని ఉండాలని ఆయన ఉద్దేశం.

నేను వచ్చి మా బండిలో కూర్చున్నాను. ఒట్టు పెట్టినట్టే, పెదవి విప్పకూడదనుకున్నాను. సీటు బెల్టు పెట్టుకుంటుంటే షాకిర్ నా వైపు చూడకుండా అడిగాడు.

"ఏమన్నారు?"

"ఎవరు?"

బండిలో మనిషున్నాడని నేనింకా చెప్పనే లేదు.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"మొదట తోసినప్పుడే. డ్రైవరు వైపు బయటి అద్దంలో, కర్టెన్ సందున కనబడ్డారు."

"చూసి కూడా తోశావా?"

"ఆపితే ఆయన మొహం ఎలా చూడను ఇన్షిరాహ్? ఏం చెప్పను?" అని తాళం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ తనే, "ఏమన్నారో చెప్పు" అన్నాడు.

"నీకు తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతావట. చెప్పొద్దన్నారు" అన్నాను.