ఆకు సేకరణ ఆపుతుంది

బోసిబోరికి కోపం వస్తే న్యామిరా కొండల మీద కురవబోయే వాన కూడా కురవాలా వద్దా అని ఓ క్షణం ఆగి ఆలోచిస్తుందంటారు. చూసినవాళ్లెవరూ లేరు, కాదన్న మొనగాడూ లేడు. ఇరవై రెండేళ్లుగా తేయాకు కొనుగోలు కేంద్రంలో కాటా ముందు నిలబడి రైతుల ఆకు తూస్తున్న మనిషి. ఆ మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీ ఆఫీసు తలుపు తట్టలేదు, తోసింది.

పన్నెండింటికి రావలసిన లారీ రాలేదు మరి. నూట నలభై ఇళ్లవాళ్లు తెల్లారి కోసిన ఆకు బస్తాల్లో ఉడుకుతోంది. సాయంత్రానికి ఎర్రబడిందంటే ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. డ్రైవర్ ఒంబాటికి ఫోన్ చేస్తే, "నన్ను తిట్టకక్కా! మీ కేంద్రానికి మూడు రోజులు బండి పోవద్దని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. తిడితే ఆ ఏఐ గుమాస్తాని తిట్టు, దానికి చెవులుంటే" అన్నాడు.

దానికి లేకపోవచ్చు. రైతుల మెసేజ్‌లు చదివి లారీలు పంపే పనికి దాన్ని పెట్టిన నైరోబీ ఇంజనీరు మ్వెండ్వాకి ఉన్నాయి, అవీ కాస్త పెద్దవే.

"నా లారీ ఎవడు మింగాడు?"

"కూర్చోండమ్మా, చూస్తున్నా..."

"కూర్చోడానికి రాలేదు. అక్కడ ఆడవాళ్లు గొడుగులు బస్తాలకి పట్టి తాము ఎండలో నిలబడ్డారు. ఏం జరిగిందో చెప్పు."

మ్వెండ్వా కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. పొద్దున న్యామ్వేయా అనే రైతు ఏఐకి మెసేజ్ పెట్టాడు: "మా అత్తగారు పోయారు. మూడు రోజులు ఆకు ఆపండి." పాపం, అతను అన్నది తన ఆకు గురించే. ఏఐ చేతిలో పది టూల్స్ ఉన్నాయి, ఒక్కో పనికి ఒకటి. ఏది ఏం చేస్తుందో పక్కనే రాసి ఉంటుంది. ఆ రాత చదివే అది టూల్‌ని ఎంచుకుంటుంది, అంతకు మించి దానికి లోకజ్ఞానం లేదు. ఆపమన్నారు కదా అని ఆపే టూల్ తీసుకుంది.

"ఒక ముసలమ్మ పోతే ఊరి ఆకంతా కుళ్లాలా? ఆవిడ బతికుండగా కూడా ఎవరూ ఇంత మర్యాద చెయ్యలేదు! ఏం రాసుందక్కడ?"

"'ఆకు సేకరణ ఆపుతుంది.'"

"ఆఁ, తర్వాత?"

"అంతేనమ్మా."

"ఎవరి ఆకు? ఒకడిదా, ఊరందరిదా? ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు? మేకపిల్లని అమ్మేటప్పుడు కూడా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ చెప్తారు. ఏ గాడిద రాసింది దీన్ని?"

మ్వెండ్వా గోడ గడియారం వంక చూశాడు. గడియారం సాయానికి రాలేదు.

"మీరేనమ్మా. నాలుగు నెలల కిందట కాటా పక్కన నిలబడి ఒక్కో పనీ ఏమిటో అడిగాను. మీరు చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను."

బోసిబోరికి గుర్తొచ్చింది. ఆ రోజు వరుస చాంతాడంత ఉంది. పుస్తకం పట్టుకుని ఒకడు అడుగుతుంటే తల కూడా తిప్పకుండా జవాబులు విసిరింది. కేంద్రంలో సేకరణ ఆపడమంటే వంతెన కూలిందనో, దారి తెగిందనో పసిపిల్లలకీ తెలుసు. ఒక్కడు ఆకు ఇవ్వకపోతే దాన్ని ఆపడమని ఎవరూ అనరు, అతను రాలేదంటారు, అంతే. అందరికీ తెలిసింది చెప్పడమెందుకు అనుకుంది.

కోపం వెనక్కి తిరిగి ఆమె మీదే పడింది. పడినా రవ్వంత తగ్గలేదు.

"నాకు తెలుసు కాబట్టి మూడు ముక్కల్లో చెప్పాను. నీకు తెలీదు కదా, మళ్లీ అడగలేదేం?"

"మీరంటే భయమమ్మా."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువైంది."

"అయితే ముందు లారీ కదిలించు. తర్వాత ఆ భయంతోనే రాయి."

లారీ కదిలింది. ఆమె నిలబడే చెప్పింది, అతను రాశాడు: "ఇది మొత్తం కేంద్రానికి లారీ రాకుండా చేస్తుంది. వంతెన కూలినా, దారి తెగినా తప్ప వాడొద్దు. ఒక్క రైతు తన ఆకు ఇవ్వనంటే దీని జోలికి పోవద్దు, దానికి రైతు సెలవు అనే టూల్ ఉంది. ఒక్కరి సంగతో అందరి సంగతో తేలకపోతే ముందు అడుగు."

"న్యామ్వేయా మెసేజ్ మళ్లీ పెట్టి చూడు" అంది.

పెట్టాడు. ఏఐ జవాబిచ్చింది: "మీ ఆకు మాత్రమేనా, మొత్తం కేంద్రానిదా?"

"చూశావా, నోరు లేనిది అడిగింది" అని పళ్లు నూరింది బోసిబోరి. "లే. మిగతా తొమ్మిదీ రేపు. ఇప్పుడు నాతో రా."

వాళ్లు వెళ్లేసరికి ఒంబాటి బస్తాలు ఎక్కించేశాడు. ముప్పై ఏడు బస్తాలు మాత్రం ఎర్రబడి గట్టున పడున్నాయి. వాటి పక్కన ఆడవాళ్లు.

"మెషీను తప్పటగా అక్కా?" అంది క్వాంబోకా. ఆ బస్తాల్లో ఆరు ఆమెవే.

మ్వెండ్వా నోరు తెరవబోయాడు. బోసిబోరి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెషీను చదివింది చేసింది. ఆ రాత నాది."

క్వాంబోకా తలగుడ్డ విప్పి నడుముకి బిగించింది.

"అయితే అక్కడే నిలబడు. నా ఆరు బస్తాలకీ నేను తిట్టాక వీళ్లు మొదలుపెడతారు. పొద్దు గుంకేలోపు అయిపోతే నీ అదృష్టం."

బోసిబోరి నిలబడింది. జారుకోబోతున్న మ్వెండ్వా చొక్కా పట్టుకుని పక్కనే నిలబెట్టుకుంది.