బండ మీద రెండు ఈటెలు

జీవా ఒక్క ఈటె ఇసిరితే మూడు చేపలు గుచ్చుకుంటాయి. నాలుగోది సిగ్గుపడి తనంతట తనే గట్టెక్కుతాది.

ఈ మాట చెప్పింది జీవానే. ముఖానికి బురద పూసుకోని, ఫోన్ ఎదురుగ్గా నిలబడి, "అడివిలో కత్తి ఒక్కటి, నేనొక్కడిని, మూడు దినాలు" అని మొదలుపెట్టి మరీ చెప్పినాడు. ఆ ఫోన్ పట్టుకోనుండేది వాళ్ళ మామ కన్నప్ప గాబట్టి, ఒక్కడే అనే మాట అక్కడికక్కడే అబద్ధం. మూడు దినాలనేది ఇంకా అబద్ధం, సాయంకాలం ఆరు గంటల బస్సుకు గుడియాత్తం పోవాల. ఇంక చేపలంటావా, అవి గుడియాత్తం బస్టాండు పక్కన చేపలమ్మే చిన్నపొన్ను గంపలోనివి. మూడు జిలేబి చేపలు, ప్లాస్టిక్ కవర్లో. చచ్చి ఎంతసేపయిందో వాటికే తెలియాల.

కన్నప్ప కవరు విప్పి చూసినాడు. "ఏందిరా ఇది? చచ్చినదాన్ని మళ్ళా పొడుస్తావా?"

"యాక్టింగ్ మామా. దానికి నొప్పుండదు, మనకు పేరుంటాది."

"నీ ఛానెలు ఎంతమంది చూస్తారు?"

"రెండు వందల పన్నెండు మంది."

అందులో ముప్పై మంది జీవానే, వేరే వేరే పేర్లతో. ఆ సంగతి మామకు చెప్పలా.

కన్నప్ప గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. మగ్గం నిలిచిపోయి రెండేండ్లు. చేతులు ఊరికే పెట్టుకోని కూర్చోలేక గోడకుండే మేకుల్ని పీకి మళ్ళా కొట్టే స్థితికొచ్చినాడు. అట్లాంటప్పుడు అక్క కొడుకు వేలూరు నుంచి వచ్చి "నీ చేతి పని కావాల మామా" అంటే, ఎందుకు, యాడికి అని గూడా అడగలా. "మీ అత్తకు మాత్రం నువ్వే చెప్పుకో, మా ఇద్దరికీ నాలుగు దినాలుగా మాటల్లేవు" అనేసి లేచి వచ్చేసినాడు.

వాళ్ళు నిలబడుండేది మోర్దానా డ్యాముకు పైన, అడివి లోపల, వాగు నడిమధ్యలో ఒక బండ మీద. పొద్దున రాళ్ళ మీద అడుగులేసుకుంటా వస్తే చెప్పులు గూడా తడవలా. ఇక్కడ ఎండ కాస్తానే ఉండాది. వాన పడింది యాడో పలమనేరు పక్క కొండల్లో. పదకొండు గంటలకు నీళ్ళు ఎర్రబడినాయి. జీవా బురద కడుక్కునే లోపల, వాళ్ళు తొక్కుకుంటా వచ్చిన రాళ్ళు మునిగిపాయ. బండ అంచున పెట్టిన కవరును గూడా నీళ్ళు లాగేసినాయి. చచ్చిన చేపలు మూడూ ఈదుకుంటా ఎల్లిపాయ.

"మోకాలి లోతే," అన్నాడు కన్నప్ప. "నా చెయ్యి పట్టుకో, పోదాం. ఇంకో గంట ఆగితే ఇది మనల్ని పోనియ్యదు."

జీవా నీళ్ళ పక్కకు చూసినాడు. "వద్దు మామా. అత్తకు అన్నీ చెప్పే వచ్చినా. ఈ బండ దాకా గుర్తులు చెప్పినా. ఆరు గంటల బస్సుకు దిగకపోతే పది మందిని తోలుకోని వస్తాది."

కన్నప్ప ఎత్తిన కాలు దించేసినాడు. పెండ్లాం లక్ష్మీదేవి సంగతి ఆయనకు తెలుసు. పది మంది అంటే ఇరవై మందిని తోలుకోని వస్తాది, దోవంతా తిట్టుకుంటా వస్తాది, కానీ వస్తాది. "సెరి, అట్లయితే ఉందాం," అని కూర్చున్నాడు.

జీవా అత్తకు చెప్పింది ఇది గాదు. మామను వేలూరు ఆస్పత్రికి తీసకపోయి షుగరు చూపిస్తా, నాలుగు దినాలు నా రూములోనే పెట్టుకుంటా అని చెప్పినాడు. ఆమె దాన్ని నమ్మి, బ్యాగు సర్ది వాకిట్లో పెట్టి, తెల్లారక ముందే తను పనిచేసే షూ కంపెనీ బస్సెక్కి పొయ్యింది. నాలుగు దినాల దాకా ఆమె ఎవురినీ ఎతకదు. ఆ తర్వాత ఎతికినా వేలూరులో ఎతుకుతాది.

ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత గూడా లేదు. సాయంకాలానికి ఛార్జి గూడా అయిపాయ. ఆరు గంటల బస్సు పొయ్యింది, ఎవురూ రాలా. "చీకట్లో రాలేకపోయినట్టుండారు మామా, తెల్లారి వస్తారు," అన్నాడు జీవా.

తెల్లారింది. నీళ్ళు ఇంకా పెరిగినాయి. కన్నప్ప అలవాటుగా చొక్కా జేబులోని షుగరు మాత్ర మింగి, కడుపులోకి ఇంకేమీ పొయ్యేది లేదని ఆ తర్వాత గుర్తు తెచ్చుకున్నాడు. కొంచెంసేపటికి షుగరు దిగిపోయి చెమటలు పట్టినాయి.

"వాళ్ళు వచ్చేలోపల ఏదన్నా తినాలరా," అని జీవా చేసిన ఈటెను చేతికి తీసుకున్నాడు. ముందు పక్క చెక్కిన ఉత్త కట్టె అది. "ఇది వీడియోకు సరిపోతాది. చేపకు సరిపోదు."

వచ్చే దోవలో కొట్టుకోనొచ్చిన వెదురు కట్టెలు రెండున్నాయి. ఒకదాని కొనను కత్తితో నాలుగు చీలికలు చేసి, మధ్యలో రెండు పుల్లలు అడ్డంగా దూర్చి, చీలికలు విచ్చుకునేట్టు చేసినాడు. ఒక్కొక్క చీలికనూ సూది మాదిరి చెక్కినాడు. కట్టేదానికి దారం యాడిది? కట్టుకోనుండే లుంగీ అంచు పట్టుకోని పోగు లాగినాడు. మగ్గం నిలిచిపోయే ముందు ఆయన నేసిన ఆఖరి లుంగీ అది. ఎనిమిది పోగులు ఎంగిలితో తడిపి, తొడ మీద పురిపెట్టి, చీలిక చివర బిగించి కట్టినాడు. తెగిన చోట రెండు వేళ్ళతో అట్ల నలిపితే అతుకు యాడుందో కనపడలా. చేతులు వణకతానే ఉండాయి, పని మాత్రం వణకలా. అట్లనే రెండో ఈటె గూడా చేసి జీవాకిచ్చినాడు.

బండ వెనకాల నీళ్ళు కొంచెం నిలిచి తేటగా ఉండాయి, చేపలు కనపడతాండాయి. జీవా పొడిచినాడు. ఆ పొద్దు వాడు ఆ వాగును ఎంత పొడిచినాడంటే, నీళ్ళకు రక్తమనేది ఉండుంటే ఆంధ్రా దాకా మరక పడుండేది. ఒక్క చేప గూడా పడలా.

"కనపడే చోట లేదురా అది," అన్నాడు కన్నప్ప. "నీళ్ళు మనకు పైకి చూపిస్తాయి, చేప కిందుంటాది. చేపకు కింద పొడువు."

కింద పొడిస్తే ఒకటి పడింది. వేలంత. గుడియాత్తం ఊరంతా అగ్గిపెట్టెలు చేస్తాది, వీళ్ళిద్దరి దగ్గిరుండే ఒక్క పెట్టె తడిసి ముద్దయిపొయినాది. పచ్చిదే సగం సగం నమిలినారు. కన్నప్ప సగం కడుపులో నిలవలా.

రెండోది పెద్దది. గుచ్చుకున్నాది గానీ, విదిలించే ఇసురుకు కన్నప్ప ఈటె కట్టు తెగి, చీలిక ఇరిగి, చేప పాయ. మళ్ళా పోగులు పురిపెట్టే ఓపిక ఆయనకు లేదు. "బ్యాగులో రబ్బరు బ్యాండు ఏదన్నా ఉంటాదేమో," అని ఆయనే లక్ష్మీదేవి సర్దిన బ్యాగు అడుగుదాకా చెయ్యి పెట్టినాడు.

రబ్బరు బ్యాండు దొరికింది. అది ఆస్పత్రి ఫైలుకు చుట్టుండాది. ఫైలు మీద ఒక చీటీ, తమిళంలో, లక్ష్మీదేవి చేతిరాత. కన్నప్ప దాన్ని దగ్గిరికి పెట్టుకోని చదివినాడు.

"డాక్టరయ్యా, ఈయనకు రాత్రిపూట కాళ్ళు మంట. అడిగితే లేదంటాడు. మీరే అడగండి. రక్తం చూస్తారని సద్ది కట్టలా, చూసినాక ఏదన్నా తినమని చెప్పండి."

చదివి, మళ్ళా చదివినాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"జీవా. మీ అత్తకు ఏమని చెప్పినావు?"

"అది పాత చీటీ మామా."

"తేదీ ఏసుండాది నాయనా. నిన్నటిది."

జీవా చేతిలోని ఈటెను బండ మీద పెట్టేసినాడు.

"ఎవురూ రారా?"

"రారు మామా."

నిన్న దాటాల్సిన చోట ఇప్పుడు ఒక చెట్టు కొమ్మ పోతా ఉండాది, గుండె లోతు నీళ్ళ మీద, బస్సంత ఇసురుగా. కన్నప్ప దాన్ని చూసినాడు. ఆ తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు. రబ్బరు బ్యాండు గూడా పట్టుకోలేక వణకతాండాయి.

"నిన్న మోకాలి లోతే గదరా," అన్నాడు. కోపం గూడా లేదు ఆ గొంతులో. "నాకు ఓపికుండె. ఎందుకు ఆపితివి?"

జీవా నోరు తెరిస్తే అబద్ధం దానంతట అదే వచ్చేది. ఇప్పుడు తెరిచినాడు, ఏదీ రాలా.

"నాకు ఈత రాదు మామా," అన్నాడు. "నీళ్ళంటే బయం. నీ చెయ్యి పట్టుకోని దిగేదానికి గూడా బయమేసె. అది నీతో చెప్పలేక అత్త వస్తాదన్నా. అత్తకు తెల్దు. మనం ఈడున్నామని ఎవురికీ తెల్దు."